దేవుడి మీద అలిగిన మార్తమ్మ

2022 వానాకాలం. కొవ్వూరు దగ్గర ఒక పల్లెలో ఏఎన్‌ఎంగా, అంటే ఇల్లిల్లూ తిరిగి చూసే ప్రభుత్వ నర్సుగా పనిచేస్తున్నాను. మందులు వద్దని మొండికేసేవాళ్ళకు కేకలేసైనా వేయిస్తానని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు చూసుకుని కొంచెం గర్వం కూడా ఉండేది.

మార్తమ్మ దగ్గర అది అణిగింది. నాట్లకు వెళ్ళే మనిషి, షుగర్‌కి ఇన్సులిన్ మీద ఉంది. ఒక్కగానొక్క కూతురు డెంగీతో పోయింది. మూడో రోజు వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి వెలగలేదు. ఖాళీ కడుపున మామూలు డోసు ఇస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, దాన్ని హైపో అంటాం. ఇవ్వకపోతే పెరిగిపోతుంది. ఎటు చూసినా ప్రాణం మీదికే. ఆసుపత్రికి రమ్మంటే రాదు.

“ఇలా పస్తులుంటే నీ కూతురు సంతోషిస్తుందా?” అని కేకలేశాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అంతలో వాళ్ళ చర్చి పాస్టరమ్మ గారు స్టీలు డబ్బాతో వచ్చారు.

“ఏంటండీ అది?” అన్నాను.

“గుప్పెడు బియ్యమండి.”

ఆ చర్చి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక గుప్పెడు దేవుడి పేరున పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. కష్టంలో ఉన్న ఇంటికి అవి వెళతాయి. ముప్పై ఏళ్ళుగా మార్తమ్మ కూడా తెచ్చేదట.

మార్తమ్మ లేచి కూర్చుంది. “వద్దండి అమ్మగారూ. అవి దేవుడివి. నా పిల్లని తీసుకుపోయాడాయన. ఆయన తిండి నాకొద్దు.”

ఇక ప్రసంగం మొదలవుతుందనుకున్నాను. పాస్టరమ్మ గారు వెళ్ళి పొయ్యి వెలిగించారు.

“అలుగు మార్తమ్మా, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అలుగు. అలిగిన పిల్లకి అన్నం పెట్టని తల్లుంటుందా? ఆయనా అంతే.”

గంజి కాచి, చల్లార్చి, పక్కన కూర్చుని పట్టించారు. సగం గ్లాసు తాగాక మార్తమ్మ బావురుమంది. కూతురు పోయాక ఏడవడం అదే మొదటిసారట. నేను షుగర్ చూసి, డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన డోసు ఇచ్చాను. ఆ నెలంతా రోజూ ఎవరో ఒకరు ఆ డబ్బా పట్టుకుని వచ్చారు.

క్రిస్మస్ ముందు మళ్ళీ వెళ్ళాను. మార్తమ్మ వంటకి బియ్యం కొలుస్తోంది.

“కోపం ఇంకా పోలేదండి నర్సమ్మ గారూ,” అంది. “అయినా ఆయన నన్నొదల్లేదండి.” ఒక గుప్పెడు తీసి, పక్కనున్న డబ్బాలో వేసింది.

నేను కోరుకొండ నరసింహస్వామిని కొలిచే ఇంటి మనిషిని. దేవుడి ప్రేమ ఎలా ఉంటుందో మాత్రం మార్తమ్మ ఇంట్లోనే చూశాను. ఇప్పుడు చావు జరిగిన ఇంటికి వెళితే కేకలు వేయను. ముందు పొయ్యి వెలిగిస్తాను.