పడుగు మీద పడిన నీడ

మా ఊరి వీధి చివరనున్న పెద్ద కేబుల్ టీవీ డిష్షును పాత ఇనుము కింద అమ్మివేశారని ఈమధ్య తెలిసింది. కోసి తీసుకుపోయేలోపు ఒక్కసారి చూసి రావాలని మోకాళ్లు మొరాయిస్తున్నా పొద్దున్నే బయలుదేరాను. ఎందుకు వెళ్లానో ఇంట్లోవాళ్లకు బోధపడలేదు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నా ఈడువాళ్లకు బోధపడుతుందని ఇది రాస్తున్నాను. జరిగినదాన్ని ఏ పూటకు ఆ పూట రాసిపెట్టుకునే అలవాటు నాది. ఇందులో ఎవరి మాటనూ పెంచలేదు, తగ్గించలేదు.

చౌటుప్పల్‌కు దగ్గరలోని మా నేతవీధి తిన్నగా, పొడవుగా ఉండేది. పడుగు కోసమే పెద్దలు దాన్ని అట్లా ఉంచారు. తెల్లవారగానే మగ్గానికి నిలువుపోగులయ్యే పడుగు నూలును వీధి పొడవునా చాపి, చివరన పాతిన రాతి కడీకి బిగించి, గంజి పెట్టి ఆరబెట్టేవారు. ఆరేదాకా బండి రాదు, బర్రె రాదు; మనిషైనా పక్కనుంచి ఒదిగి పోవలసిందే. ఆ కడీ ఉంటేనే మా నాయినకు మగ్గం, మగ్గం ఉంటేనే మాకు పొయ్యి.

తొంభైల నడుమ నూలు రంగుల దుకాణం నడిపే చాచా కొడుకు ఊళ్లో కేబుల్ పెట్టాడు. ఆకాశం అడ్డులేకుండా కనబడే జాగా ఆ కడీ ఉన్న చోటొక్కటే కావడంతో, దాన్ని పెకలించి అక్కడ డిష్షు నిలబెడతానన్నాడు. వీధి భగ్గుమన్నది. అందరికంటే ఎక్కువ కోపగించినది మా మేనత్త. తాతలనాటి కడీ మీద చెయ్యి వేస్తే ఊరుకోనని నడివీధిలో కూర్చుంది. నల్లగొండలో గుమాస్తాగా పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చే నేనూ, వద్దని అర్జీ రాసి సంతకాలకు సిద్ధం చేశాను.

ఆ అర్జీని ఆపినది మా నాయినే. దించిపెట్టిన డిష్షు చుట్టూ తిరిగి, గుడ్డ ఊడిన గొడుగు వంటి దాని పుల్లలను, ఆకాశాన్ని సన్న గళ్లుగా పంచిపెట్టే ఆ జాలీని తడిమి చూసి, నూలుకు ముడులు బిగించి చిట్కి నమూనా కట్టి రంగులద్దే తన చేతికి కూడా ఇంత పొందిక ఎన్నడూ అందలేదని అందరి ముందూ అన్నాడు. కడీ పోతే పోనీ, దాని ఇనుప గుంజకే పడుగు కట్టుకుందామని నచ్చజెప్పాడు. కేబుల్ పిల్లవాడు నవ్వుతూ ఒప్పుకున్నాడు. నూలుపోగు ఇనుమును కదిలిస్తుందా అని వాడి ధీమా. నూలుతో బతికినవాళ్లం, మాకూ ఆ అనుమానం రాలేదు.

తరువాతి ఆదివారం నాయిన పడుగు చాపాడు. ఎండ పొడవగానే డిష్షు జాలీ నీడ తెల్లని నూలు మీద గళ్లు గళ్లుగా పరుచుకుంది. గంజి కుంచె చేతిలోనే పట్టుకుని ఆయన చాలాసేపు నిలబడిపోయాడు.

"సూడురా, కట్టకుండనే చిట్కి పడ్డది," అన్నాడు నాతో.

ఆ సంతోషం ఎండ ముదిరేదాకా నిలువలేదు. గంజి ఆరుతూ పడుగు బిగుసుకునేకొద్దీ గుంజ ఒక వేలెడు ఒరిగింది. అంత మాత్రానికే డిష్షు గురి తప్పి, ఇంటింటా టీవీల్లో ఆదివారం సినిమా పోయి తెల్లని చుక్కలు మిగిలాయి. జనం వాకిళ్లు దాటి వచ్చారు. కడీ కోసం నడివీధిలో కూర్చున్న మా మేనత్తే అందరికంటే ముందు వచ్చింది.

"అన్నా, నీ పడుగు రేపు గూడ ఆరుతది. గీ సినిమా రేపొస్తదా?"

పక్కింటి బావ, మామ మగ్గం మీద బొమ్మ రాకున్నా ఫికర్ లేదు, మా టీవీలో వస్తే చాలునని ఎకసెక్కెమాడాడు. నలుగురూ నవ్వారు. కేబుల్ పిల్లవాడొక్కడే తప్పంతా తనదే అయినట్టు తల వంచుకున్నాడు. నాయిన తడి పూర్తిగా ఆరని పడుగును విప్పి చుట్టుకున్నాడు. పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి అది ఇక మగ్గం ఎక్కలేదు.

ఆ తరువాత పెద్దరోడ్డు పక్కన తుమ్మచెట్లకు కట్టి చాపేవాడు. లారీల దుమ్ము గంజికి అంటుకునేది. కొన్నాళ్లు ఓర్చి, చివరకు మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి పనికి కుదిరాడు. ఒకసారి చూడబోతే, పొగగొట్టం మీద పడిన పొద్దువాలు ఎండను తదేకంగా చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ చూపే కదా మనను ముంచిందని అనేశాను.

"మంచిగున్నదాన్ని మంచిగ లేదని ఎట్లంటరా? కడీ రాయికీ, డిష్షు ఇనుముకూ ఏం ఎరుక? పడుగు తియ్యమన్నది మనోళ్లే."

కాలం మారిందని ఇప్పుడు అందరూ అంటారు. కాలానికి నోరు లేదు గనుక నేరం దాని మీద వేయడం సులువు. నేను విన్నవి మనుషుల నోళ్లు. వాటితో వాదించే ఓపిక నాకిక లేదు.

మొన్న నేను వెళ్లేసరికి ఎండ పొడుస్తోంది. తుప్పు పట్టిన జాలీ నీడ మునుపటి వలెనే గళ్లు గళ్లుగా వీధి పొడవునా పరుచుకుంది. కింద సిమెంటు తప్ప ఒక్క పోగైనా లేదు. కోసేవాళ్లు వచ్చి పక్కకు జరగమన్నారు. జరిగాను. కాసేపటికి ఆ నీడ కూడా లేచిపోయింది.