పడుగు కింద ఆగిన కారు

మా పక్కింటి మేస్త్రి పోయాడన్న కబురు నిన్న నాకు బడిలో తెలిసింది. మూడు రోజుల జ్వరమట. ఇల్లు చేరేసరికి మగవాళ్లు ఆయన్ను మోసుకుపోయారు. ప్రహరీ పక్కన కారు మాత్రం ముక్కు వీధివైపు పెట్టుకుని నిలబడి ఉంది. ఆదోనిలో ఆయన చెయ్యి పడని బండి లేదంటారు. నాకు గుర్తుండేది ఈ ఒక్క బండే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక జిన్నింగు మిల్లు యజమాని కొడుకు ఆ కారును మద్రాసు వైపు పందేలకు తీసుకుపోయేవాడు. యుద్ధం అయ్యాక వదిలేసిన విమానాల మైదానంలో, మలుపుల్లేని పందెం. జెండా పడగానే ఎవరి బండి ముందుగా అవతలి గీత దాటితే వాళ్లది గెలుపు. అందుకోసం మా మేస్త్రే, కుదుపులు మింగే వెనక కమాను పట్టీలను కదలకుండా బిగించి, ఇరుసుకూ చట్రానికీ మధ్య రెండు ఇనుప కడ్డీలు వేశాడు. ముందువైపు కమాన్లను మెత్తగా వదిలాడు. గట్టిగా తొక్కితే బరువంతా వెనక్కి వాలి, కారు ముక్కు పైకి లేచేది. మోజు తీరాక ఆ కుర్రవాడు కారును మేస్త్రికే ఇచ్చేశాడు.

దాన్ని ఎమ్మిగనూరుకు బాడుగ కారుగా తిప్పాలని మేస్త్రి భార్య ఆశ. ఎక్కినవాళ్లేమో రెండోసారి ఎక్కేవాళ్లు కాదు. గుంట వస్తే వెనక సీటు ఎత్తి కుదేసేది. మలుపు వస్తే బండి ఒక పట్టాన తిరిగేది కాదు.

"జనాల నడుములిరిగి పోతాండాయి. ఆ కడ్డీలు పీకేయమంటే ఈయప్ప ఇనడు. నువ్వన్నా సెప్పు టీచరమ్మా," అనేది ఆమె గోడ మీదుగా.

"ఇది తిన్నగా పోయేదానికే పుట్టింది," అనేవాడాయన. "మళ్లుకునేది మనమే నేర్పించల్ల. రేపు తీస్తాలే."

ఆ రేపు వచ్చేది కాదు. ఆయన కనిపెట్టిన ఉపాయం వేరు. వెనకాల రెండు పత్తివిత్తుల బస్తాలు వేసేవాడు. ఆ బరువుకు కమాన్లు కాస్త వంగి, బండి నెమ్మదించేది.

నేను మా అక్కను చూడటానికి ఎమ్మిగనూరు బయలుదేరిన ఉదయం బస్సు రాలేదు. మేస్త్రి కారు తీశాడు. నా గంజిపెట్టిన చీర వైపు ఒకసారి చూసి, "విత్తుల జిడ్డు అంటుకుంటాదమ్మా," అంటూ బస్తాలు రెండూ దించేశాడు. మర్యాద కొద్దీ చేసిన పని. అవి ఎందుకున్నాయో తెలిసి కూడా నేను వద్దనలేదు. ఈనాటికీ నన్ను వదలనిది ఆ మౌనమే.

ఊరు దాటాక తిన్నటి దారి. రెండు పక్కలా నల్లరేగడిలో పత్తి విచ్చి ఉంది. "గట్టిగా పట్టుకో టీచరమ్మా," అని తొక్కాడు. ముక్కు లేచింది. అద్దంలోంచి దారి మాయమై ఆకాశం ఒక్కటే మిగిలింది. మద్రాసులో ఎన్నో పుస్తకాలు చదివొచ్చిన నేను, నేల ఇలా కిందికి జారిపోవడం ఏ పుస్తకంలోనూ ఎరగను. భయమేసిందా, సంతోషమేసిందా? ఇప్పుడు తేల్చుకోలేను. మేస్త్రి మాత్రం చిన్నగా నవ్వుకుంటున్నాడు, నిద్రలో నవ్వే పసిబిడ్డలా.

ఎమ్మిగనూరులో అక్కావాళ్ల వీధి మలుపు తిరిగాం. ఎదురుగా వీధి పొడవునా, కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద, మగ్గానికి ఎక్కించాల్సిన తెల్లటి పడుగు పరిచి ఉంది. సాలెవాళ్లు అటూ ఇటూ నిలబడి పోగులకు గంజి పట్టిస్తున్నారు. మేస్త్రి బ్రేకు తొక్కాడు. ముక్కు నేలకు వంగింది. బరువులేని వెనకభాగం కప్పలా ఎగిరెగిరి పడింది. బండి ఆగలేదు.

"పడుగెత్తండప్పో! ఎత్తండి!" అని ఒక అవ్వ అరిచింది.

అందరి చేతులూ ఒక్కసారిగా లేచాయి. మొదటి వెదురు కర్రలు ఫెళ్లుమన్నాయి. కారు ఆ దారాల కిందికి, నీళ్లలోకి పడవ వచ్చినట్టు, జారుకుంటూ వచ్చి ఆగింది. అద్దం మీద గంజి బొట్లు బొట్లుగా రాలింది.

"కండ్లు నెత్తికెక్కినాయా నీ కారుకు?" అంది అవ్వ. "ఈ పడుగు తెగింటే మా ఇంట్లో పొయ్యి మండదప్పా."

మేస్త్రి కారు దిగాడు. "కర్రలు ఇరిగినాయి గదవ్వా. ఆ తావులో నేను నిలబడతా."

"ఆ మసి చేతులతోనా? పో, కడుక్కోని రాపో!"

నమాజుకు ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు. వచ్చి, పడుగు కొసను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పోగులు ఆరేదాకా, ఎండ ముదిరేదాకా అలాగే ఉన్నాడు. నేను అక్క ఇంటికి పోలేక అక్కడే కూర్చున్నాను.

"చేతులు నొప్పెడుతున్నాయా మేస్త్రీ?"

"పెడతాండాయి." తలెత్తి పోగుల్లోంచి ఎండను చూస్తూ ఉన్నాడు. "ఇదీ తిన్నగా పోయేదే గదా టీచరమ్మా. ఇన్ని పోగులు, ఒకటికొకటి తగలకుండా యెట్ల పోతాండాయో సూడు."

మర్నాడు పొద్దున్నే కారు కిందికి దూరి కడ్డీలు విప్పేశాడు. కమాను పట్టీల బిగింపులూ తీశాడు. ఆయన భార్య గోడ మీదుగా నన్ను చూసి, నా మాటే పనిచేసిందనుకుని దండం పెట్టింది. తర్వాత బండికి బాడుగలు బాగానే దొరికాయి. ముసలివాళ్లు కూడా ఎక్కి కునుకు తీసేవాళ్లు. ఒకసారి ఆ తిన్నటి దారిలో, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే గట్టిగా తొక్కి చూశాడు. ముక్కు లేవలేదు. "ఇంగ లేయదులే," అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత తృప్తి, ఎంత దిగులు ఉందో నేను ఇప్పటికీ కొలవలేకపోతున్నాను. ఆ రోజు బస్తాలు ఉండనిమ్మని ఉంటే, ఆయన ఆకాశం ఆయనకు మిగిలేదేమో. లేక ఇంకో రోజు, చేతులు లేవని వీధి ఒకటి ఎదురయ్యేదేమో.

ఆ రెండు కడ్డీలను ఆయనే తెచ్చి, మా పెరటి గోడలకు ఎదురెదురుగా దిగగొట్టి, బట్టలారేసే తీగ కట్టాడు. ఈ ఉదయం దాని మీద తెల్లచీర ఆరవేశాను. గాలికి చీర ఉబ్బి పైకి లేచింది. రెండు చేతులూ ఎత్తి దాని అంచు పట్టుకుని, అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.