చుక్కలెంచే లక్ష్మీప్రియ

చుక్కలు తప్పు లెక్కపెట్టినందుకు లక్ష్మీప్రియను కాలేజీ నుంచి వెళ్ళగొట్టారని రాజపాళయంలో ఒక మాట తిరుగుతోంది. చావడిలో పుట్టిన ఆ మాట షేర్ ఆటో ఎక్కి తళవాయిపురం దాకా పోయి వచ్చింది. అప్పటి నుంచి పిల్ల తండ్రి రాజగోపాల చావడి గడప తొక్కడం లేదు. సాయంత్రం అక్కడ నలుగురితో కూర్చోకపోతే అన్నం సయించని మనిషి. అలాగని కూతురిని అడగడానికీ నోరు రాలేదు.

వాళ్ళ ఎదురింటి నాచ్చియారవ్వకు ఇది గిట్టలేదు. వీధిలో ఎవరింట ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలదామె. తనకు తెలియని సంగతి ఊరికి తెలియడమేమిటి? గిన్నెలో మామిడికాయ పచ్చడి వేసుకుని బయలుదేరింది.

రాజగోపాల ఆస్పత్రి కట్లకు వాడే పలుచటి గుడ్డ నేసే మిల్లులో చెకర్. గుడ్డ మీద భూతద్దం పెట్టి పోగులు లెక్కచూస్తాడు. చిన్నప్పుడు లక్ష్మీప్రియ ఆయన పక్కనే బోర్లా పడుకుని తానూ లెక్కపెట్టేది. లెక్క ముగిసేదాకా ముద్ద నోట పెట్టేది కాదు. "అన్నానికి ఒక మెతుకు, గుడ్డ తానుకు ఒక మూల చూస్తే చాలు" అని తండ్రి నేర్పాడు.

అవ్వ వెళ్ళేసరికి పిల్ల కంప్యూటర్ ముందుంది. తెర నిండా చుక్కలే. ఇవేమిటని అవ్వ అడిగిందే తడవు, లక్ష్మీప్రియ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. మనమున్న పాలపుంత నడిబొడ్డు ఏ ఆకారమో బయటికి పోయి చూడలేమట. లోపల కూర్చునే, ఏ పక్క ఎన్ని చుక్కలో లెక్కపెట్టి కనుక్కోవాలట. అందుకు ఒకే వాటేజీ బల్బుల్లాంటి చుక్కలను ఏరుకుంటారు. బాగా వెలిగేవి దగ్గరివి, మసకవి దూరానివి. అలా చూస్తే ఒక పక్కవి దగ్గరగా, రెండో పక్కవి దూరంగా తేలాయట. అంటే నడిబొడ్డు గుండ్రం కాదు, పొడుగ్గా ఏటవాలుగా ఉంది. ఇది పెద్దలెప్పుడో చెప్పిందే. ఎంత ఏటవాలో కొలవడం లక్ష్మీప్రియ పని.

"మన వీధి మారిసెల్వి ఇంట్లో మంచం వేసిన మాదిరి, వంకరగానా?"

"అదే అవ్వా. ఒక కాలు మన పక్కకు."

అవ్వ నవ్వింది గాని, వచ్చిన పని మరవలేదు. ముందుగదిలో రాజగోపాల టీవీ చూస్తున్నాడు. దాని సౌండు ఎప్పుడో తగ్గించేశాడు. అవ్వ ఆయనకూ వినబడేలాగే అడిగింది.

"ఊరంతా ఒకటంటా ఉంది, నువ్వే చెప్పమ్మా. తప్పుగా ఎంచినావని నిన్ను పంపించేసినారా?"

లక్ష్మీప్రియ ముందుగది వైపు ఒకసారి చూసింది.

"ఎవరూ పంపలే అవ్వా, నేనే వచ్చినా. తప్పు మాత్రం నిజమే. మనకూ ఆ చుక్కలకూ నడాన దుమ్ముంది, జిన్నింగ్ మిల్లులో దూది పంజు ఎగిరే మాదిరి. దాని వెనకుండే చుక్కలు కనపడవు. ఒక మూల ఎంత దుమ్మో చూసి, అంతటా అంతే అనుకొంటి. నాయన నేర్పిన మాటే గదా, ఆయనకు చెప్పేదానికి నోరు రాలే. ఆయన చూసే గుడ్డ మిషన్ నేసింది, అంతటా ఒకటే ఉంటుంది. ఈ దుమ్మును ఎవరు నేసినారు? ఇంట్లో కూర్చోని మూలమూలా చూసి మళ్ళా ఎంచినా. నిన్న ముగిసింది, సోమవారం పోతా. నాయన్ని ఈ పొద్దు చావడికి పొమ్మను అవ్వా. అడిగితే, తప్పుగా ఎంచింది నా కూతురే, సరిచేసిందీ నా కూతురే అని చెప్పమను."