తోడు తిండి

మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చిన కొత్తల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ డైటీషియన్ని. ఆ ఎండాకాలం డాక్టరుగారు యాదగిరి గారి ఫైలు నాకు మళ్లీ పంపారు. ఆయన మన్సూరాబాద్‌లో ఒక కాలనీ సంఘానికి అధ్యక్షుడు. మూడు నెలల సగటు షుగరు దిగడం లేదు. ఈసారీ దిగకపోతే ఇన్సులిన్ మొదలు. ఆయనకు సూది అంటేనే ముచ్చెమటలు.

మా వృత్తిలో మొదటి పని డైట్ రీకాల్. అంటే నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లో పడ్డదంతా పేషెంటు చేత చెప్పించి రాసుకోవడం. ఆయన గడగడా చెప్పారు: రెండు జొన్న రొట్టెలు, పదకొండింటికి జామకాయ, నాలుగింటికి గుగ్గిళ్లు. అంతా అంతకుముందు నేనిచ్చిన చార్టే! ఆ చార్టు మీద నాకెంత గర్వమంటే, లోపం మందుల్లోనే ఉందని డాక్టరుగారికి నోట్ రాశాను.

డాక్టరుగారు మాత్రం మందులు పెంచేముందు ఒకసారి పేషెంటు ఇంటికెళ్లి చూసి రమ్మన్నారు. వెళ్లి కూర్చున్నానో లేదో, యాదగిరి గారి భార్య లక్ష్మమ్మ గారు పళ్లెం నిండా సకినాలు పెట్టారు. నేను మొహమాటపడ్డాను.

"తీసుకోండ్రి మేడం. ఒక్కరే ఎట్ల తింటరు, నేను గూడ తోడు తింట" అని యాదగిరి గారు చెయ్యి చాపారు.

నేను నాలుగు తినేసరికి ఆయనవీ నాలుగయ్యాయి. అంతలో నల్లా నీళ్లు రావట్లేదని ఒకాయన, వీధి దీపం వెలగట్లేదని ఇంకొకాయన. మళ్లీ పళ్లెం, మళ్లీ తోడు. ఇవన్నీ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అది నేను తిన్నట్టెట్లయితది మేడం? ఒచ్చినోళ్ల కోసం తిన్న" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఇక నేను ఆయన చార్టు జోలికి పోలేదు. వచ్చినవాళ్లకూ గుగ్గిళ్లు, జామ ముక్కలే పెట్టమన్నాను. లక్ష్మమ్మ గారికి కోపం వచ్చింది.

"ఇంటికొచ్చినోళ్లకు గుగ్గిళ్లు పెడితే మా ఇజ్జత్ ఏం గావాలె?"

ఇజ్జతో ఇన్సులినో తేల్చుకోమని నేనూ గట్టిగానే చెప్పాను.

మూడు నెలలకు షుగరు దిగింది, సూది తప్పింది. ఆయన ఇంట్లో గంటల తరబడి సాగే సంఘం సమావేశాలు పది నిమిషాల్లో ముగియసాగాయి. తర్వాతి ఎన్నికల్లో, వచ్చినవాళ్లకు మిర్చి బజ్జీలు తెప్పించే పెద్దమనిషి అధ్యక్షుడయ్యాడు. ఏడాది తిరక్కుండా ఆ కొత్త అధ్యక్షుడి ఫైలూ నా బల్ల మీదికి వచ్చింది. నిన్న ఏం తిన్నారని అడగలేదు, ఇంటికి ఎవరెవరు వచ్చారని అడిగాను.

షుగరు ఒకరిదే కావచ్చు, చిరుతిండి ఇంటిల్లిపాదిదీ, వచ్చిపోయేవాళ్లదీ. అతిథి పళ్లెం మారనంత కాలం ఆ ఇంట్లో మారేది చార్టు ఒక్కటే.