సర్కారు టీవీల మా పెద్దవ్వ పాట

నిజామాబాదు బస్టాండు వెనుక గల్లీల నాకొక వీడియో షూటింగు దుకాణం ఉన్నది. పెండ్లిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గల్ఫు పైసలతోటి కట్టిన కొత్త ఇండ్ల గృహప్రవేశాలు, అన్నీ తీస్త. జిల్లాల నా అసొంటి కెమెరామెన్ లేడని నేను అంటుంట. మా ఆవిడ కూడా ఒకప్పుడు అనేది. ఇప్పుడు అంటలేదు.

నాకు దొంగల భయం చానా ఎక్కువ. నేను తీసిన వీడియోను ఎవడో కాపీ కొట్టి తనదని చెప్పుకుంటడేమోనని నిద్రపట్టేది కాదు. అందుకే ప్రతి వీడియో నడుమ అడ్డంగా దుకాణం పేరు, ఫోన్ నంబరు తెల్లటి పెద్ద అక్షరాలతోటి వేసేటోన్ని. తలంబ్రాలు పోసుకునే జాగల పిల్ల ముక్కు మీద నా పేరు, పిలగాని మీసాల మీద నా నంబరు వచ్చేవి. ఒకసారి ధర్పల్లి నుంచి వచ్చిన పెండ్లిపిల్ల తండ్రి వీడియో మొత్తం చూసి, "మా బిడ్డ మొఖం సరిగ కనవడలేదు గాని, నీ నంబరు మాత్రం నోటికొచ్చింది అన్నా" అన్నడు. నేను మెచ్చుకున్నడనే అనుకున్న. థాంక్స్ కూడా చెప్పిన.

కెమెరా ఎక్కడ నేర్చుకున్నవని ఎవరడిగినా నా దగ్గర ఒక్కటే కథ. ఇంటర్ తప్పి బోధన్ పక్క ఊళ్ళె మా పెద్దవ్వ ఇంట్ల ఉన్నప్పుడు సర్కారు టీవీ వాళ్ళు వచ్చిండ్రు. అప్పటికి చక్కెర ఫ్యాక్టరీ బాగ నడుస్తున్నది. చెరుకు కొట్టే ఆడోళ్ళ మీద ఒక ప్రోగ్రాం తీసిండ్రు. ఆ కెమెరామెన్ నా తెలివి చూసి, కెమెరా నా చేతికిచ్చి, "నువ్వు పెద్దోనివైతవు తమ్మీ" అన్నడు. ఈ కథ చెప్పీ చెప్పీ నాకే నిజమైపోయింది. దుకాణం బోర్డు మీద పేరు కింద 'సర్కారు టీవీ అనుభవం కలదు' అని రాయించిన.

ఆ ప్రోగ్రాంల పాట పాడింది మా పెద్దవ్వ, మా అమ్మకు అక్క. ఆమెది మంచి గొంతు. పొద్దుగాల చెరుకు తోటల ఆమె పాట ఎత్తుకుంటే పక్క చేన్లోళ్ళు కొడవలి ఆపి వినేటోళ్ళు. ఆ ప్రోగ్రాం టీవీల వచ్చే రోజు ఊరంతా సర్పంచు ఇంట్ల టీవీ ముంగట కూసున్నది. పెద్దవ్వ కొత్త చీర కట్టుకొని ముందు వరుసల కూసున్నది. ప్రోగ్రాం మొదలు కాంగనే కరెంటు పోయింది. మళ్ళ వచ్చేసరికి వార్తలు చదువుతున్నరు. అట్ల తన పాటను తాను చూసుకోనే లేదు.

నేను దుకాణం పెట్టినప్పటి నుంచి, పోయినప్పుడల్లా అడిగేది. "ఏమ్రా, గింతమంది పెండ్లిళ్ళు తీస్తవు, నా పాట ఒక్కటి తెచ్చియ్యరాదా?"

నేను పెద్ద ఇంజనీరు లెక్క గొంతు సవరించుకునేటోన్ని. "పెద్దవ్వా, గా టేపులు బూజు పట్టి ఎప్పుడో పోయుంటయి. ఉన్నా గూడ సర్కారు మనకియ్యది. ఇస్తే మనమీద కేసైతది."

"నా పాట నేను సూస్తే కేసెందుకైతదిరా?"

"నీకు తెల్వదు పెద్దవ్వా, గది కాపీరైటు" అని లేచేటోన్ని.

పోయినేడు ఎండకాలం ముందు ఒక సర్కారు బడి సారు నా దుకాణానికి వచ్చిండు. పెన్ డ్రైవ్ ఇచ్చి, ఇందుల రెండు వీడియోలు ఉన్నయి, అతికిచ్చి ఒక్కటి చెయ్యమన్నడు. చూస్తే సర్కారు టీవీల ఎప్పుడో వచ్చిన వానపాముల పాఠం. నేను పెన్ డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టిన, ముట్టుకుంటే షాక్ కొడతదన్నట్టు.

"సారూ, మీరు జైలుకు పోతే పోండ్రి. నన్నెందుకు గుంజుతరు?"

ఆయన నవ్విండు. "జైలెందుకన్నా? పాత ప్రోగ్రాములన్నీ వాళ్ళే ఇంటర్నెట్ల పెట్టిండ్రు. వీడియో కింద రాసే ఉన్నది చూడు."

ఫోన్ తీసి చూపిచ్చిండు. ఎవరైనా చూడొచ్చునట, దించుకోవచ్చునట, పదిమందికి చూపియ్యొచ్చునట, కావాల్నంటే కత్తిరించి వాడుకోవచ్చునట. ఎవరిదో చెప్తే చాలునట. నేను రెండుసార్లు చదివిన. ఎక్కడో మెలిక ఉంటదని ఇంకోసారి చదివిన. మెలిక లేదు.

"ఇంత మంచి సరుకు ఉత్తగనే ఎందుకిస్తరు సారూ? నడుమ వాళ్ళ పేరన్న వేసుకోలేదు!"

"మన పైసలతోటి తీసిందే గదన్నా, మనకే ఇస్తున్నరు" అన్నడు సారు.

ఆయన పోంగనే షట్టరు సగం దించి కంప్యూటరు ముంగట కూసున్న. గ్రామీణ జీవన సంస్కృతి అని కొట్టిన, వ్యవసాయ మహిళా జానపదం అని కొట్టిన. ఏదేదో వచ్చింది గాని మనది రాలేదు. టేపు బూజు పట్టిందని నేనన్నది నిజమే అయిందని కొంచెం సంబరపడ్డ కూడా. మధ్యాహ్నం బువ్వ తెచ్చిన మా ఆవిడ వెనుక నిలవడి చూసింది.

"ఏమయ్యా, గంత పెద్ద మాటలెందుకు? బోధన్ చెరుకు పాట అని కొట్టు."

కొట్టిన. మొదటిదే అది.

తెర మీద చెరుకు తోట. పొగమంచు. చీర కొంగు నడుముకు చెక్కి, చేతిల కొడవలి పట్టుకొని మా పెద్దవ్వ. వయసుల ఉన్నది. పక్కన ఆమె తోడికోడలు, మేమందరం చిన్నవ్వ అనేటోళ్ళం. ఇద్దరూ ఒక చరణం ఆమె, ఒక చరణం ఈమె అందుకుంటున్నరు. నేను కుర్చీ వెనుకకు జరిపి, "ఫ్రేమింగు అంత మంచిగ లేదు" అన్న.

మా ఆవిడ తెరకు దగ్గరగ వంగింది. "గీ ఎర్ర చొక్క పిలగాడెవడయ్యా? పాడేటోళ్ళ కంటే వీడే ఎక్కువ కనవడుతుండు."

కాలరు లేపి, జేబుల దువ్వెన పెట్టుకొని, చెరుకు గడ నములుకుంట ఒకడు. కెమెరా ఎటు తిరిగితే అటు వస్తున్నడు. చిన్నవ్వ ఒక్కతే గొంతెత్తి పాడే జాగల ఆమె భుజం పక్క నుంచి తల పెట్టి, దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నడు. అంతల కెమెరా దిక్కు నుంచి ఒక చెయ్యి వచ్చింది. వాని నెత్తి మీద పెట్టి పక్కకు నూకింది. వాడు చెరుకుల పడ్డడు.

అదీ నాకు కెమెరా చేతికొచ్చిన సంగతి.

మా ఆవిడ టిఫిన్ డబ్బ మూత తీసి నా ముంగట పెట్టింది. ఆమె ఏమనలేదంటే నేను అప్పుడే భయపడాల్సింది.

అప్పటిదాక సారు చూపిచ్చిన రాతల మీద నాకు నమ్మకం లేకుండె. ఇప్పుడు ఒక్క మాట మీద మాత్రం మస్తు నమ్మకం కుదిరింది. కత్తిరించుకోవచ్చని వాళ్ళే రాసిండ్రు గదా. చట్టం ఒప్పుకున్నంక ఇంకేంది? ఎర్ర చొక్కోడు మొదట కనవడ్డ కాడి నుంచి చెరుకుల పడ్డదాక కోసేసిన. అతుకు కనవడకుండ, పాట ఎక్కడ దుంకిందో తెల్వకుండ అతికిచ్చిన. చేసినంక అలవాటు ప్రకారం నడుమ నా దుకాణం పేరు, నంబరు కూడా పడ్డయి.

ఆ ఆదివారం ప్రొజెక్టరు కార్ల వేసుకొని మా ఆవిడ, నేను బోధన్ దిక్కు పోయినం. పెద్దవ్వ వాకిట్ల గోడకు తెల్ల దుప్పటి కట్టిన. అప్పట్ల ఆమెతోని చెరుకు కొట్టిన ముగ్గురు ఆడోళ్ళు వచ్చి పీటలేసుకొని కూసున్నరు. పొద్దు గూకుతున్నది. నేను నిలవడి చిన్న ఉపన్యాసం ఇచ్చిన. పైవాళ్ళతోటి ఎంతో మాట్లాడి, ఎంతో తిరిగి, ఆఖరుకు సాధించిన అన్న. మా ఆవిడ దగ్గింది.

వీడియో మొదలైంది. పెద్దవ్వ చూపు దుప్పటి మీద నుంచి కదలలేదు. ఒక నిమిషమైనంక అడిగింది.

"నా మొఖం మీద గా రాత ఏందిరా?"

"నా దుకాణం పేరు పెద్దవ్వా."

"గిది నువ్వు తీసినవా?"

"నేను తియ్యలేదు గాని..."

"మరెందుకు రాసుకున్నవు?"

నేను సౌండు పెంచిన. అంతల ఆమె పాటల పడ్డది. తెరల ఉన్న పెద్దవ్వతోని పీట మీది పెద్దవ్వ మెల్లగ గొంతు కలిపింది. మిగిలిన ముగ్గురు కూడా అందుకున్నరు. పాట ముందుకు పోయింది, తెర ఒక మాట అన్నది, వీళ్ళు నలుగురు వేరే మాట అన్నరు.

"ఆపు" అన్నది పెద్దవ్వ. "బండి మాటేది?"

"ఏ బండి పెద్దవ్వా?"

"'బండి లైన్ల నిలవడ్డది, బావ బండి మీద పండిండు' అని వస్తది. ఫ్యాక్టరీ కాడ చెరుకు బండ్లు రోజులకొద్ది నిలవడేవి గదా, దాని మీద కట్టినం. గా మాట చిన్నది పాడింది. అందరు నవ్విండ్రు. గది లేదేంది?"

చిన్నవ్వ పోయి రెండేండ్లు. నేను కోసింది ఆమె మాటనే అని నాకు అప్పటిదాక తట్టనే లేదు.

"టేపు అక్కడ పాడైంది పెద్దవ్వా" అన్న.

ఆమె నా దిక్కు చూడలేదు. దుప్పటినే చూస్తున్నది. "నా మొఖం నాకు రోజు అద్దంల కనవడతదిరా. చిన్నదాన్ని సూద్దామని కూసున్న."

మా ఆవిడ సంచిల నుంచి ఫోన్ తీసింది.

"పాడు కాలేదత్తమ్మా. నిండుగ ఉన్నది. ఎవరి ఫోన్ల కొట్టినా వస్తది."

నలుగురు ఆడోళ్ళు ఆ చిన్న ఫోన్ మీద తలలు పెట్టిండ్రు. ఎవరికీ సరిగ కనవడతలేదు. ఇంక నేనే లేచిన. ఫోన్ తీసుకొని ప్రొజెక్టరుకు తగిలిచ్చిన. నా చేతులతోనే.

చిన్నవ్వ వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకొని, కన్ను చిట్లిచ్చి, బండి మాట పాడింది. పెద్దవ్వ పీట మీద నుంచి లేచి దుప్పటి దగ్గరికి పోయింది.

"సూసిండ్రా, దాని ముక్కుపుల్ల నాదే. టీవీల మంచిగ కనవడాలని ఆ పొద్దు అడుక్కున్నది. మళ్ళ ఇయ్యనే లేదు, దొంగది!" అని నవ్వింది. నవ్వుకుంటనే కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

అప్పుడు ఎర్ర చొక్క వచ్చింది. దువ్వెన వచ్చింది. చెయ్యి వచ్చింది.

"ఓయమ్మో, గా పిలగాన్ని కోడిని ఎల్లగొట్టినట్టు ఎల్లగొట్టిండు!" అన్నది ఒకామె. "ఎవడు వాడు?"

పెద్దవ్వ తిరిగి నన్ను చూసింది. మళ్ళ దుప్పటిని చూసింది. మళ్ళ నన్ను చూసింది. ఇంక ఆ వాకిట్ల ఎవరూ పాట వినలేదు. నలుగురు ఒకరి మీద ఒకరు పడి నవ్విండ్రు. ఆ జాగను నాలుగుసార్లు వేయించుకున్నరు. మూడోసారికి నాకు కూడా నవ్వొచ్చింది.

తెల్లారి దుకాణంల మొత్తం పాటను మళ్ళ దించి, ఏం కొయ్యకుండ, ఏం రాయకుండ, ఆఖరున మాత్రం ఇది సర్కారు టీవీ వాళ్ళదని ఒక లైను పెట్టి పెద్దవ్వ ఇంటికి పంపిన. అప్పటికే ఊరంతా ఫోన్లల్ల తిరుగుతున్నది, నేను పంపాల్సిన అవసరమే లేకుండె. బోర్డు మీది అనుభవం లైనును పెయింటర్ను పిలిపిచ్చి తుడిపిచ్చిన. కమ్మర్‌పల్లిల ఒక పెండ్లికి పోతే పిల్ల మేనమామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి పక్కకు నూకి, "గిట్లనే గదన్నా?" అన్నడు. వీడియో అంత దూరం పోయిందని అప్పుడు తెలిసింది.

పెద్దవ్వకు ఇప్పుడు ఆమె కోడలు ఫోన్ తెరిచి ఇస్తది. పాత ప్రోగ్రాములు ఒక్కొక్కటే చూస్తున్నది. మొన్న నేను ఒక రిసెప్షన్ వీడియో కోస్తుంటే ఫోన్ చేసింది.

"అరే, వేల్పూరు దిక్కు ఆడోళ్ళు పసుపు తవ్వుకుంట పాడింది దొరికింది. నువ్వు సూసినవా?"

"లేదు పెద్దవ్వా. ఎట్లున్నది?"

"గొంతులు మంచిగనే ఉన్నయి. గాని నోరు తెరుస్తలేరురా. కెమెరాకు భయపడ్డట్టున్నరు. మేము గట్ల పాడలే." గొంతు సవరించుకున్నది. "గసొంటివి ఇంకేమన్న ఉన్నయేమో సూసి పెట్టు. మాకంటే మంచిగ పాడినోళ్ళు ఎవరన్న ఉన్నరా సూస్త."