పదకొండు దాకా కొట్టుకునే మిషను

ఈ ఉదయం స్విచ్ వేయగానే కంప్రెసర్ ఎప్పటిలాగే టకటకమని కొట్టుకుంది. ఖాళీ సిలిండర్లు దింపుతున్న కొత్త డ్రైవరు ఉలిక్కిపడి, మిషను పోయినట్టుంది మేడమ్ అని కేకపెట్టాడు. ఆగమని చెయ్యెత్తాను. ఒణ్ణు, రెండు, మూణు... నాకు అరవంలో మాట్లాడటం రాదు, లెక్కపెట్టడం మాత్రం వచ్చు. పదినొణ్ణు దగ్గర చప్పుడు ఆగిపోయి మిషను మెత్తగా తిరగసాగింది. సుద్దముక్క తీసుకుని గోడమీద తేదీ పక్కన పదకొండు అని రాశాను. వేళ్లకు అంటిన సుద్ద దులుపుకుంటూ ఉంటే చెంగల్రాయులు సార్ గుర్తొచ్చారు. రోజూ గుర్తొస్తారు. రాయాలని మాత్రం ఈ రోజే అనిపించింది.

తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో ఉన్న ఈ రేకుల షెడ్డులో మేము అమ్మేది గాలి. ఈ మాట చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల్లో ట్యాంకులు కడగడానికి లోపలికి దిగే మనుషులు వీపున సిలిండరు కట్టుకుంటారు. ఆ సిలిండర్లలో పీల్చే గాలి నింపడం మా పని. బయటి గాలినే కంప్రెసర్ దఫదఫాలుగా అదిమి, ఫిల్టరు గొట్టంలో తేమనూ నూనె వాసననూ తీసేసి లోపలికి పంపుతుంది. ఐటీఐ ముగించి నేనిక్కడ చేరినప్పుడు ఈ మిషనుకు పెద్ద దిక్కు చెంగల్రాయులు సారే. ఊరు ఐరాల. వయసులో మద్రాసు హార్బరులో, నీళ్లలో మునిగి పనిచేసేవాళ్లకు గాలి నింపుతూ పని నేర్చుకున్నారట. అరవం లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే.

మొదటి రోజు ఈ చప్పుడు విని నేను పరుగున వెళ్లి స్విచ్ ఆపేశాను. మెప్పు వస్తుందనుకున్నాను. ఆయన ఎందుకు ఆపావని మాత్రం అడిగి, మళ్లీ వేయించారు. చిట్టచివరి పిస్టన్ దేనికీ బిగించి ఉండదని, వెనక ఒత్తిడి నిండేదాకా వదులుగా ఎగిరెగిరి కొట్టుకుంటుందని చెప్పారు. తర్వాత ఆయన అన్న మాట నా బతుకులో చాలా చోట్ల పనికొచ్చింది.

“కొట్టుకునేది జబ్బు గాదు పాపా, అది దాని గుణం. ఎంతసేపు కొట్టుకుంటాదో సూడు. పెరిగిందనుకో, అప్పుడు జబ్బు.”

పదకొండు దాటితే ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు అరిగినట్టు. అది అరిగితే గాలి ఫిల్టరులో నిలవకుండానే దాటిపోతుంది. తేమతో, నూనె కంపుతో సిలిండరు చేరుతుంది. పైకి మిషను బాగానే తిరుగుతున్నట్టుంటుంది. చెప్పేది ఆ మొదటి చప్పుడు ఒక్కటే. అందుకే రోజూ ఉదయం మిషను దగ్గర నిలబడి విని, లెక్క గోడమీద రాసేవరకూ సిలిండరు తగిలించకూడదన్నది ఆయన నియమం.

నెల దాటినా ఆయన నన్ను నింపే పైపు ముట్టుకోనివ్వలేదు. ఒక ఆదివారం పొద్దున్నే అలిపిరికి రమ్మన్నారు. భక్తి ఎక్కువేమో అనుకుని తలస్నానం చేసి వెళ్లాను. మనిషి మెట్లు ఎక్కడం మొదలుపెడితే ఆగడే. యాభై దాటిన ఆయన ముందు, ఇరవై రెండేళ్ల నేను వెనక. గాలిగోపురం చేరేసరికి నా గుండె నోట్లోకి వచ్చింది. మెట్టుమీద కూలబడి రొప్పుతూ ఉంటే, ఇప్పుడు నీకిచ్చే గాలి బాగుందా లేదా అని వాసన చూస్తావా అని అడిగారు. రొప్పుతూనే తల అడ్డంగా ఊపాను. ట్యాంకులో దిగినవాడు పనిచేస్తూ ఇలాగే రొప్పుతుంటాడని, మనం ఏమిస్తే అది పీల్చడం తప్ప వాడికి దారి లేదని చెప్పి, పద దిగుదాం అన్నారు. దేవుడి దగ్గరికి పోయే దారిలో సగం నుంచి నన్ను వెనక్కి తీసుకొచ్చిన ఘనుడు ఆయన ఒక్కడే. మర్నాడు పైపు నా చేతికిచ్చారు.

రెండేళ్లు గడిచాయి. అంతా తెలుసు అనుకునే వయసు. ఒక సోమవారం ఆయన ఐరాల నుంచి ఇంకా రాలేదు. నాయుడుపేటకు పన్నెండు సిలిండర్లు పోవాలి, బయట డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. నేను స్విచ్ వేసి, సిలిండర్లు మోసుకురావడానికి బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మిషను మెత్తగా తిరుగుతోంది. వారం రోజులుగా పదకొండే కదా అని పదకొండు రాసేశాను. నింపి పంపేశాను కూడా.

ఆయన వచ్చీరాగానే గోడ చూసి, విన్నావా అని అడిగారు. విన్నాను సార్ అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండో విడత నింపడానికి ఆయనే స్విచ్ వేశారు. పదినొణ్ణు దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఆరు దగ్గర ఆగింది. ఆయన నావైపు చూడలేదు. డ్రైవరుకు ఫోను చేసి, కాళహస్తి దాటిన బండిని వెనక్కి తిప్పించారు.

బండి వచ్చాక అందులోంచి ఒక సిలిండరు దించి, బెంచీమీద కూర్చుని మాస్కు తగిలించుకోబోయారు. అడ్డం పడ్డాను. పీలిస్తే నేను పీలుస్తాను, తప్పు నాది అని ఏడ్చాను.

“రాసింది నువ్వు. నమ్మింది నేను,” అన్నారు. “నమ్మినోడే గదమ్మా పీల్చేది. ఫ్యాక్టరీలో వాడైనా అంతే.”

సిలిండరు అయిపోవస్తోందని విజిల్ కూసేదాకా, ముప్పావు గంట, ఆయన అలాగే కూర్చున్నారు. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. మాస్కు తీశాక వాంతి చేసుకున్నారు. నూనె కంపు, అంతే, చచ్చేంత లేదులే అన్నారు. తర్వాత ఇద్దరం కలిసి మిగిలిన పదకొండు సిలిండర్లూ ఖాళీ చేశాం.

ఆయన చేసింది మొండితనమని నేనిప్పుడు అంటాను. గాలి పరీక్షకు, నూనె ఉంటే రంగు మారే గాజు గొట్టాలున్నాయి, మనిషి ఊపిరితిత్తులు అక్కర్లేదు. నా దగ్గర ఎవరైనా అలా చేస్తే తంతాను. కానీ ఆ ముప్పావు గంట తర్వాత నేను వినకుండా ఒక్క అంకె రాయలేదు.

పని మానేసి ఐరాల వెళ్లిపోయాక కూడా ఆయన రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఫోను చేసేవారు. ఎంత అని అడిగేవారు. పదకొండు సార్ అనేదాన్ని. సరే అని పెట్టేసేవారు. క్షేమ సమాచారాలు ఆయనకు చేతకావు. ఎంత కోరినా ఇంకో మాట దొరికేది కాదు.

పోయినేడు ఒక ఉదయం మిషను పద్నాలుగు దాకా కొట్టుకుంది. రాస్తుండగానే ఫోను మోగింది, ఆయన నంబరే. ఎత్తుతూనే పద్నాలుగు సార్ అన్నాను. అవతల ఆయన భార్య మంగమ్మ గారు.

“ఆయన లేడు పాపా. తెల్లారి లేపితే లేయలేదు. మూడు గంటలకు ఎత్తుతారు, బయల్దేరి రా.”

బస్సుకు వెళ్తే పన్నెండుకల్లా ఐరాలలో ఉంటాను. కానీ ఆ రోజు నాయుడుపేటలో ట్యాంకు పని, మనుషులు ఎదురుచూస్తున్నారు. మా యజమాని మంచివాడే, నువ్వు వెళ్లమ్మా, మూడు అంకెలకేం కొంపమునగదు, మేము నింపేస్తాం అన్నాడు. నేను వెళితే వాళ్లు నింపేస్తారు, అది ఖాయం. ఏడుస్తూనే వాల్వు విప్పాను. అరిగిన సీలు మార్చి బిగించి మళ్లీ స్విచ్ వేస్తే పదమూడు వచ్చింది. మళ్లీ విప్పాను. సీలు ఆనుకునే సీటుమీద వెంట్రుకంత గీత ఉంది. దాన్ని నూరి, కడిగి, బిగించేసరికి రెండయింది. పదకొండుకు ఆగింది. సిలిండర్లు నింపి పంపి బస్సెక్కాను.

ఐరాల చేరేసరికి పొద్దు గుంకింది. అంతా అయిపోయింది. నాకు ఆయన చివరిచూపు దక్కలేదు. ఆలస్యానికి ఎవరు ఎన్ని మాటలన్నా పడాలని తలవంచుకుని లోపలికి వెళ్లాను. మంగమ్మ గారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నల్లబడ్డ నా చేతులు చూసి, పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“ఎంతకు నిలిచింది?” అని అడిగారు.

చెప్పాను. సరే అన్నారు, అచ్చం ఆయనలాగే. అప్పుడు ఆమె భుజంమీద పడి ఏడ్చాను.

ఇప్పుడు ఎనిమిదిన్నరకు ఫోను మోగదు. అయినా గోడమీద రాశాక పైకి ఒకసారి చెబుతాను. ఈ ఉదయం కొత్త డ్రైవరు వింతగా చూశాడు, ఎవరితో మేడమ్ అని అడిగాడు. వాడికి తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. సుద్దముక్క గూట్లో పెట్టి, మిషను వైపు తిరిగి, పదకొండు సార్ అన్నాను.