నవలాకారుడి నుదుటి బొట్టు

ఇక్కడ బర్మాలో, తామ్వే పేటలో మా తెలుగువాళ్ళు చెప్పుకునే కథ వేరు. అప్పలనరసమ్మగారు గడ్డం దొర బొమ్మని తన మామగారనుకుని ఏళ్ళ తరబడి పూజించిందనీ, నేను వెళ్ళి గుట్టు విప్పాననీ అంటారు. శుద్ధ అబద్ధం. ఆ దొర ఎవరో ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

రెండేళ్ళ కిందట, దసరాకి ముందు, లత అనే పేటలో ఉన్న నా దుకాణానికి ఆవిడా మనవరాలూ ఆ పటం తెచ్చారు. పాత ఆయిల్ పెయింటింగులు శుభ్రం చేయడం నా వృత్తి. అది పందొమ్మిదో శతాబ్దపు చిత్రం. అందులోని గడ్డం దొర, పేరు చెబితే మీరూ గుర్తుపట్టే ఇంగ్లీషు నవలాకారుడు. యుద్ధకాలంలో బంగళా వదిలి పోతూ ఓ దొర తన వంటవాడికి, అంటే ఆవిడ మామగారికి, ఇచ్చేశాడట. అగరొత్తుల పొగకి ముఖం మసిబారింది. నుదుటి మీద కుంకుమ పెచ్చు కట్టింది.

మనవరాలి పేరు మా ఖిన్, ‘మా’ అనేది బర్మీస్ ఆడపేర్ల ముందు వచ్చే గౌరవపదం. ఆమెకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం బర్మీసే. పటం బాగుపడ్డాక ఇక బొట్టు పెట్టనివ్వనని తేల్చేసింది. నేనూ వంత పాడాను. కుంకుమ పటం మీది రంగుని తినేస్తుందనీ, అయినా దొర బొమ్మకి బొట్టేమిటనీ అన్నాను.

"సరస్వతి పూజకి పుస్తకాలికి బొట్టెడతావా?" అంది ముసలావిడ.

"పెడతాను మామ్మా."

"మరి రాసినోడికెట్టకూడదేటి? ఏటి సదివినావే అమ్మా నువ్వు?"

మా ఖిన్ ఫక్కున నవ్వింది. మామ్మ నవ్వలేదు.

"ఈ దసరాకి నా సెయ్యి ఊరికే ఉండాలేటి?" అని పటం అంచు పట్టుకుని కూర్చుంది.

పటానికి ముందు అద్దం బిగిస్తాను, రంగుకి ఆనకుండా మధ్యలో సందు వదులుతాను, బొట్టు అద్దానికి పెట్టుకో అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

రంగుకి కాపుగా పైన పూసే పూతని వార్నిష్ అంటారు. మసి పట్టిన వార్నిష్‌ని స్వాబ్‌తో, అంటే దూది చుట్టిన పుల్లతో, కొద్దికొద్దిగా కరిగించి తీయాలి. దానితోపాటే కుంకుమంతా వచ్చేసింది, అడుగున ఒక్క చుక్క తప్ప. భూతద్దంలో చూస్తే కుంచె జాడ లేదు. వేలితో అద్దిన కుంకుమే. కానీ అది వార్నిష్ కింద ఉంది. మామ్మ ఇంట్లో ఆ పటానికి ఎవరూ వార్నిష్ వేయలేదు. అంటే అది బంగళానాటి బొట్టు. దాన్ని అలాగే ఉంచాను.

దసరాకి వాళ్ళింటికి వెళితే అద్దం మీద కొత్త బొట్టు, పటం కింద పుస్తకాలు, మామ్మ ముఖంలో గెలిచిన గర్వం. మరక కనబడగానే పుల్ల పట్టుకోకూడదు, ముందు పెట్టినవాళ్ళని అడగాలి. నేను నేర్చుకున్నది అదే.

బంగళాలో ఆ బొట్టు పెట్టిన చెయ్యి ఎవరిదో ఎప్పటికీ తెలియదు, పోనీ. కానీ ఆ బంగళా దొర దాన్ని తుడిపించకుండా, దానిమీదే వార్నిష్ ఎందుకు వేయించాడు?